నాన్నగారి మందుల కవరు ఒకసారి బల్ల మీద బోర్లించండి

మీరు రాసిందాంట్లో నాకు అర్థమైంది ఇదీ. నాన్నగారికి 76 ఏళ్లు, రిటైరైన లెక్కల మాస్టారు, తెనాలి దగ్గర ఉంటారు. ఏడాదిన్నరగా మతిమరుపు, అల్జీమర్స్ అన్నారు. నాలుగు నెలల కిందట డోనెపెజిల్ 5 మిల్లీగ్రాములు మొదలుపెట్టి, నెలన్నర తర్వాత 10కి పెంచారు. తర్వాత కొన్నాళ్లకి మూత్రం ఆపుకోలేకపోతున్నారని వేరే డాక్టరుగారికి చూపిస్తే ఆక్సీబ్యుటినిన్ రాశారు. కాళ్ల మంటలకి చాలా ఏళ్లుగా రాత్రిపూట ఎమిట్రిప్టిలిన్ వేసుకుంటున్నారు, దురద పుడితే ఎవిల్ మెడికల్ షాపులో తెచ్చుకుంటారు. మూడు వారాల నుంచి రాత్రిళ్లు గందరగోళం బాగా పెరిగింది, గదిలో చిన్నపిల్లలు కూర్చున్నారంటున్నారు. వచ్చే నెల శుక్లం ఆపరేషన్ ఉంది. మీరు అడిగినవి: ఈ ఎసిటైల్‌కోలిన్ రిసెప్టార్లంటే ఏమిటి, మందు పనిచేయనట్టేనా, ఆపేయాలా, నెట్‌లో చూసిన రిసెప్టార్ యాంటీబాడీ పరీక్ష చేయించాలా, అమెరికాలో ఉన్న మీ తమ్ముడు కొత్త మందేదైనా పంపగలడా.

నేను నరాల వైద్యుణ్ణి, ఈ పనిలో ఇరవై ఏళ్లు దాటాయి. మనిషిని చూడకుండా మందు మార్చమని చెప్పను, చెప్పకూడదు కూడా. కానీ మీరు తేదీల వరసలో రాశారు చూడండి, అది చాలా మంచి పని చేశారు, ఎందుకంటే ఆ వరసలోనే సగం జవాబు ఉంది. మాస్టారికి ఒక మాత్రతో మెదడులో ఎసిటైల్‌కోలిన్‌ని నిలబెట్టాలని చూస్తున్నారు, మిగతా మూడు మాత్రలు అదే ఎసిటైల్‌కోలిన్‌కి అడ్డం పడుతున్నాయి. నలుగురు వేర్వేరు మనుషులు, నాలుగు వేర్వేరు రోజుల్లో, మంచి ఉద్దేశంతోనే ఇచ్చినవి. ఒక్కరికీ మిగతా మూడూ కనబడలేదు.

మీది తెనాలి కాబట్టి కాలవ పోలికతో చెప్తాను. దుగ్గిరాల లాకుల దగ్గర నీళ్లు తగ్గితే కింద ఎంత దూరం చేలు ఎండుతాయో మీకు తెలుసు. మెదడులో కూడా అలాంటి చోటు ఒకటి ఉంది, ముందువైపు అడుగుభాగంలో, కళ్లకి కాస్త వెనకగా. మైనెర్ట్ కేంద్రకం అంటారు. చిన్న ముక్కే, కానీ దాని కణాల తీగలు మెదడు పై పొరంతా పాకి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అందిస్తాయి. ఎదుటి మనిషి మాట మీద మనసు నిలవడం, కొత్త విషయం లోపల నాటుకోవడం, నిద్రలేవగానే తెలివి సరిగ్గా రావడం, వీటన్నిటికీ ఆ నీరు కావాలి. అల్జీమర్స్‌తో చనిపోయినవాళ్ల మెదళ్లలో ఈ రసాయనాన్ని తయారుచేసే ఎంజైము బాగా తగ్గిపోయిందని 1976 ప్రాంతంలో బ్రిటన్‌లో కనిపెట్టారు. మైనెర్ట్ కేంద్రకంలో కణాలే చచ్చిపోతున్నాయని 1980ల మొదట్లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ వాళ్లు చూపించారు. అంటే లాకుల దగ్గరే నీళ్లు తగ్గిపోతున్నాయన్నమాట.

నీళ్లు తగ్గినప్పుడు రైతు ఏం చేస్తాడు? మడిలో ఉన్న కాస్త నీరూ బయటికి పోకుండా గండి పూడుస్తాడు. డోనెపెజిల్ చేసేది అంతే. మెదడులో ఎసిటైల్‌కోలిన్ విడుదలైన మరుక్షణమే దాన్ని ముక్కలు చేసేసే ఎంజైము ఒకటి ఉంటుంది, ఈ మాత్ర ఆ ఎంజైముని ఆపుతుంది, దాంతో ఉన్న రసాయనం ఇంకాస్తసేపు నిలబడుతుంది. కొత్తగా నీళ్లు తేదు, లాకులు బాగుచేయదు. పై నుంచి వచ్చే నీరు ఇంకా తగ్గుతూనే ఉంటుంది కాబట్టి జబ్బు నయం కాదు. ఈ ఒక్క సంగతి మందు రాసిన రోజే ఇంట్లోవాళ్లకి విడమరిచి చెబితే ఎంతోమంది నిరాశ తప్పేది.

ఇక రిసెప్టారు అంటే ఆ నీటిని తాగే వేరు. నరకణం ఒంటిమీద ఉండే ప్రొటీను, ఎసిటైల్‌కోలిన్ వచ్చి తగిలితే స్పందిస్తుంది. ఇవి రెండు జాతులు. పొగాకులోని నికోటిన్‌కి స్పందించేవి నికోటినిక్ రిసెప్టార్లు, ఒక జాతి విషపు పుట్టగొడుగులో దొరికిన మస్కరిన్‌కి స్పందించేవి మస్కరినిక్ రిసెప్టార్లు. ఈ తేడాని 1914లో హెన్రీ డేల్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త విడదీశారు. నరం తన కబురుని రసాయనం ద్వారా పంపుతుందని 1921లో కప్ప గుండెలతో నిరూపించిన ఆటో లోవీ, ఈయన, ఇద్దరూ 1936లో నోబెల్ పంచుకున్నారు. లోవీ చేసింది చాలా తేలికైన ప్రయోగం. ఒక కప్ప గుండె నరాన్ని ప్రేరేపించి గుండెని నెమ్మదింపజేశారు, ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండో గుండె మీద పోశారు, అదీ నెమ్మదించింది. ఈ గుండె నెమ్మదించే సంగతి గుర్తుపెట్టుకోండి, మాస్టారి విషయంలో మళ్లీ పనికొస్తుంది.

నికోటినిక్ రిసెప్టారు తూములాంటిది, అయిదు ముక్కలు గుండ్రంగా కూర్చున్నట్టు ఉంటుంది, ఎసిటైల్‌కోలిన్ తగలగానే సెకనులో వెయ్యోవంతు లెక్కలో తెరుచుకుంటుంది. మెదడులో ఎక్కువగా ఉండేవి ఆల్ఫా4 బీటా2, ఆల్ఫా7 అనే రకాలు. మస్కరినిక్‌వి నిదానం, కణం లోపల ఒకదాని తర్వాత ఒకటిగా పనులు నడిపిస్తాయి. వీటిలో ఎం1 నుంచి ఎం5 దాకా అయిదు రకాలు. జ్ఞాపకానికి ముఖ్యమైన చోట్ల ఎం1 ఎక్కువ, గుండెలో ఎం2, మూత్రాశయంలోనూ లాలాజల గ్రంథుల్లోనూ పేగుల్లోనూ ఎం3 ముఖ్యం, మెదడు లోపలి స్ట్రయేటమ్ అనే భాగంలో ఎం4. ఈ పేర్లు గుర్తుండక్కర్లేదు. మూత్రాశయంలో ఉన్న రిసెప్టారూ, జ్ఞాపకం దగ్గర ఉన్న రిసెప్టారూ దగ్గరి చుట్టాలని మాత్రం గుర్తుంటే చాలు. మూత్రాశయాన్ని పడుకోబెట్టాలని వేసే మాత్ర మెదడులోకి కూడా వెళ్లిందంటే అక్కడ కూడా పడుకోబెడుతుంది.

దీన్ని నేను పుస్తకంలో కాకుండా ఒకే మనిషిలో రెండువైపులా చూశాను. డ్యూటీ డాక్టరుగా ఉన్న రోజుల్లో, మిర్చి చేలో మూతికి గుడ్డ కూడా లేకుండా పొద్దుణ్ణించీ మందు కొట్టిన ఒక కూలీని మధ్యాహ్నం తీసుకొచ్చారు. చొక్కా పిండితే నీళ్లు కారేంత చెమట, నోట్లోంచి చొంగ, కంటిపాపలు గుండుసూది మొనంత, ఛాతీ మీద చెవి పెడితే గురగుర. ఆర్గానోఫాస్ఫేటు పురుగుమందులు ఆపేది డోనెపెజిల్ ఆపే ఎంజైమునే, కాకపోతే అదుపు లేకుండా, గట్టిగా, ఒంట్లో ప్రతిచోటా. ఎసిటైల్‌కోలిన్ వరదైపోతుంది. దానికి విరుగుడు ఎట్రోపిన్, అది మస్కరినిక్ రిసెప్టార్లని మూసేస్తుంది. ఛాతీ పొడిబారేదాకా ఎక్కిస్తూ పోయాం, మనిషి గట్టెక్కాడు. మర్నాడు తెల్లవారుజామున నర్సు పిలిస్తే వెళ్లి చూద్దును కదా, అతను మంచం మీద కూర్చుని దుప్పటిలోంచి లేని దారాలు పీకుతున్నాడు, ఒక్కొక్కటీ తీసి జాగ్రత్తగా పక్కన పెడుతున్నాడు, ఎదురుగా ఎవరూ లేకపోయినా "బండి కట్టు" అని ఎవరికో చెప్తున్నాడు. నాలుక అట్టకట్టింది, ఒళ్లు పొయ్యిలా ఉంది, కంటిపాపలు ఇంతింత. ఎట్రోపిన్ ఎక్కువైంది. తగ్గించాం, ఒక పూటలో మామూలు మనిషయ్యాడు, దారాల సంగతి అతనికి గుర్తే లేదు.

మన ఊళ్లలో ఉమ్మెత్త గింజలు తిన్నవాళ్లకి పిచ్చెక్కిందంటారే, అదీ ఇదే. ఉమ్మెత్తలో ఉండేవి ఎట్రోపిన్, హయోసిన్, వాటి చుట్టాలు. ఇప్పుడు మాస్టారి గదిలో కూర్చున్న పిల్లల్ని ఈ చూపుతో చూడండి. ఆక్సీబ్యుటినిన్, ఎమిట్రిప్టిలిన్, ఎవిల్‌లో ఉండే ఫెనిరమిన్, మూడూ ఎంతో కొంత ఉమ్మెత్త చేసే పనే చేస్తాయి. విడివిడిగా చూస్తే చిన్న డోసులే. ముప్పై ఏళ్లవాడికైతే నోరెండి ఊరుకుంటుంది. లాకుల దగ్గరే నీళ్లు లేని మెదడుకి నీరు తాగే వేళ్ల మీద మైనం పూసినట్టవుతుంది.

ఇంకో సంగతి, నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యంగా కనబడింది. మూత్రం ఆపుకోలేకపోవడం ఎప్పుడు మొదలైందన్నారు? డోనెపెజిల్ 10కి పెంచిన కొన్నాళ్లకి. ఎసిటైల్‌కోలిన్ పెరిగితే మూత్రాశయం బిగుసుకుంటుంది, అర్జంటుగా వెళ్లాలనిపిస్తుంది, ఇది ఆ మందుకి తెలిసిన దుష్ఫలితమే. మరి ఆ దుష్ఫలితాన్ని కొత్త జబ్బనుకుని రెండో మందు ఇచ్చారా అన్నది నా అనుమానం. ఇది మీ ఇంట్లోనే జరిగింది కాదు. డోనెపెజిల్‌లాంటి మందులు మొదలుపెట్టిన పెద్దవాళ్లకి తర్వాత మూత్రానికి ఇలాంటి అడ్డుకునే మందులు రాయడం మిగతావాళ్లలో కంటే ఎక్కువగా జరుగుతోందని కెనడాలోని ఒంటారియో రికార్డులు పరిశీలించి 2005లోనే ప్రచురించారు. ఒక మాత్ర తెచ్చిన ఇబ్బందికి ఇంకో మాత్ర, అది తెచ్చిన ఇబ్బందికి మూడోది. మలబద్ధకం కూడా మొదలైందని రాశారు, దానికి నాలుగోది రాకముందే ఆగుదాం.

ఇప్పుడు చేయాల్సింది. ఇంట్లో మందుల కవరు ఉంటుంది కదా, పాత పాలకవరో, బట్టల షాపు సంచో, అది తీసుకొచ్చి బల్ల మీద మొత్తం బోర్లించండి. డ్రాయర్లో ఉన్నవి, దేవుడి గూట్లో పెట్టినవి, అమ్మగారి పర్సులో ఉన్నవి కూడా. మన దగ్గర ఒక చిక్కుంది, షాపులో నాలుగు మాత్రలు కావాలంటే స్ట్రిప్పుని కత్తెరతో కోసిస్తారు, పేరున్న సగం షాపులోనే ఉండిపోతుంది. మన చేతికొచ్చిన ముక్క మీద రెండక్షరాలో, సగం తేదీయో ఉంటాయి. అలాంటి పేరులేని ముక్కలన్నీ విడిగా పెట్టి, అదే షాపుకి తీసుకెళ్లి పేర్లు రాయించండి. జలుబు మాత్రలు, ప్రయాణంలో వాంతి రాకుండా వేసుకునేవి, నిద్రకని ఎవరో ఇచ్చినవి, కడుపునొప్పికి వేసుకునే మెఫ్టాల్ స్పాస్‌లాంటివి, వీటిని ఎవరూ మందుల కింద లెక్కపెట్టరు. కానీ క్లోర్‌ఫెనిరమిన్, ప్రోమెథజిన్, హైడ్రాక్సిజిన్, డైసైక్లోమిన్ ఉన్నవన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. మొత్తం పరిచి ఫోటో తీయండి, పక్కన ఒక కాగితం మీద ఏది ఏ తేదీన మొదలైందో రాయండి. ఆ ఫోటో, ఆ కాగితం పట్టుకుని, డోనెపెజిల్ రాసిన డాక్టరుగారి దగ్గరికి ఈ వారంలోనే వెళ్లండి, మామూలు చెకప్ తేదీ దాకా ఆగకండి.

ఎవిల్ అయితే ఈ రాత్రి నుంచే ఇవ్వకుండా ఉండొచ్చు, రోజూ వేసుకునేది కాదు కాబట్టి. పెద్దవయసులో దురద చాలావరకు చర్మం పొడిబారడం వల్ల వస్తుంది, స్నానం కాగానే తడి ఆరకముందే కొబ్బరినూనె రాయండి. మాత్ర తప్పదంటే ఫెక్సోఫెనడిన్ ఉంది, అది మెదడులోకి దాదాపు వెళ్లదు. ఆక్సీబ్యుటినిన్ సంగతి డాక్టరుగారితో మాట్లాడి తేల్చుకోండి. దానికి ముందు మూత్రపరీక్ష, మూత్రం పోసుకున్నాక లోపల ఎంత మిగులుతోందో చూసే స్కానింగు చేయించండి. 76 ఏళ్ల మగమనిషి కాబట్టి ప్రోస్టేటు ఉబ్బి ఉండొచ్చు, అలాంటప్పుడు ఈ మందు మూత్రాన్ని లోపలే నిలబెట్టేస్తుంది, నిండిపోయిన సంచిలోంచి పొంగి కారుతుంటే మనం ఆపుకోలేకపోతున్నారనుకుంటాం. ఇన్ఫెక్షన్ ఉంటే అదొక్కటే చాలు, మతి తప్పించడానికి. మందు నిజంగా కావాలంటే మిరాబెగ్రాన్ ఉంది, ఈ రిసెప్టార్ల జోలికి పోదు, బీపీ మాత్రం చూసుకోవాలి. ఎమిట్రిప్టిలిన్ ఏళ్ల తరబడి వాడారు కాబట్టి టక్కున ఆపకండి, డాక్టరుగారు నెమ్మదిగా తగ్గిస్తారు. కాళ్ల మంటలకి వేరే మందులున్నాయి, వాటికీ మగత ఉంటుంది, తక్కువలో మొదలుపెట్టాలి. బీ12 చూశారా? చూడకపోతే చూపించండి, అది తక్కువైనా మంటలు వస్తాయి, మతిమరుపూ పెరుగుతుంది.

ఇక "రెండున్నర నెలలుగా 10 వేస్తున్నా గుణం లేదు, ఆపేయమంటారా" అన్న ప్రశ్న. మీ బావగారు ఇది నరాల డాక్టర్ల వ్యాపారం అన్నారని కూడా రాశారు. ఆయన బాధ నాకు అర్థమైంది, నెలనెలా డబ్బు పెట్టి కొంటున్నప్పుడు ఎవరికైనా అనిపిస్తుంది. నిజం చెప్తాను. డోనెపెజిల్ ప్రభావం సగటున చిన్నదే. 30 మార్కుల జ్ఞాపకశక్తి పరీక్షలో ఆరు నెలలకి, మందు వాడినవాళ్లకీ వాడనివాళ్లకీ తేడా సుమారు ఒక మార్కు. ఒక మార్కంటే మాస్టారు మళ్లీ వడ్డీ లెక్కలు చేస్తారని కాదు. దిగజారడం కొంతకాలం నెమ్మదిస్తుంది, కొందరిలో కొంచెం తేరుకుంటారు, కొందరిలో ఏమీ తెలియదు. మరి ఆపేస్తే? బ్రిటన్‌లో మధ్యస్థం నుంచి తీవ్రదశలో ఉన్న 295 మందితో చేసి 2012లో ప్రచురించిన పరీక్షలో, మందు ఆపేసినవాళ్లు కొనసాగించినవాళ్లకంటే దాదాపు రెండు మార్కులు వెనకబడ్డారు. కాబట్టి పనిచేయడంలేదని మీకు మీరే ఆపకండి. పైగా మీ విషయంలో ఆ మందుకి పనిచేసే అవకాశమే ఇవ్వలేదు కదా, మూడు మాత్రలు ఎదురుగా పెట్టి. ముందు అవి తీసేశాక రెండు మూడు నెలలు చూసి, అప్పుడు మాట్లాడుకోవాలి. మూత్రం ఇబ్బంది మరీ ఉంటే డాక్టరుగారు మళ్లీ 5కి తగ్గించొచ్చు, చాలామందికి 5 మీద హాయిగా గడుస్తుంది.

డోనెపెజిల్ ఒంట్లోంచి సగం పోవడానికే మూడు రోజులు పడుతుంది. అందుకని ఒక పూట మర్చిపోతే టెన్షన్ పడకండి, మర్నాడు రెండు కలిపి ఇవ్వకండి. తేడా చేసినప్పుడు కూడా వెంటనే తగ్గదు, మార్పు తెలియడానికి రెండు వారాలు ఇవ్వాలి. రాత్రి వేస్తే పీడకలలు వస్తున్నాయంటే పొద్దుటిపూటకి మార్చమని అడగండి. వాంతులు, విరేచనాలు, ఆకలి చచ్చిపోవడం ఉంటే రివాస్టిగ్మిన్ పట్టీ వాడతారు, చర్మానికి అంటించేది. దాంతో ఒక ప్రమాదం నేను చూశాను, పాత పట్టీ తీయకుండా రోజూ కొత్తది అంటించుకుంటూ పోయారు ఒకావిడ, వీపు మీద నాలుగు కనబడ్డాయి. కొత్తది అంటించేముందు పాతది తీశామని వేలితో తడిమి చూసుకోవాలి. ఇప్పుడు కప్ప గుండె సంగతి. డోనెపెజిల్ జాతి మందులన్నీ నాడిని నెమ్మదింపజేస్తాయి. మాస్టారు బీపీకి మెటోప్రొలాల్, ఎటెనొలాల్‌లాంటివి వాడుతుంటే ఇంకా నెమ్మదిస్తుంది. మణికట్టు దగ్గర వేలు పెట్టి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి, 50 లోపు ఉన్నా, నిలబడగానే కళ్లు తిరిగి పడిపోయినా ఆ రోజే ఈసీజీ తీయించండి.

పిల్లలు కనబడటం గురించి ఇంకొంచెం చెప్పాలి. మూడు మాత్రల వల్లే అయితే అవి తగ్గించాక పోవాలి. పోకపోతే, లేదా ఆక్సీబ్యుటినిన్‌కి ముందు నుంచే ఉంటే, ఇంకో జబ్బు మనసులో పెట్టుకోవాలి, ల్యూయీ బాడీ డిమెన్షియా. అమ్మగారిని అడగండి: నిద్రలో అరవడం, చేతులు కాళ్లు విసిరి కొట్టడం మతిమరుపుకి ఎన్నో ఏళ్ల ముందు నుంచి ఉందా? ఒకరోజు చక్కగా మాట్లాడి మర్నాడు అయోమయంగా ఉంటారా? నడకలో అడుగులు పొట్టివయ్యాయా, ఒళ్లు బిగుసుకుందా? ఉంటే డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి. ఆ జబ్బులో ఎసిటైల్‌కోలిన్ కొరత అల్జీమర్స్‌లో కంటే కూడా ఎక్కువ, అందుకే డోనెపెజిల్ రకం మందులకి వాళ్లు తరచు బాగా స్పందిస్తారు, కనబడే మనుషులు తగ్గుతారు. ప్రమాదం ఎక్కడంటే, రాత్రి గొడవ చేస్తున్నారని ఏ హాలోపెరిడాల్ ఇంజెక్షనో చేస్తే కొందరు కొయ్యబారిపోతారు, ప్రాణం మీదికి రావచ్చు. అత్యవసరంగా ఎక్కడికి తీసుకెళ్లినా ఈ అనుమానం ఉందని ముందే చెప్పండి. ఒళ్లు బిగుసుకుంటోందని ట్రైహెక్సిఫెనిడిల్ రాస్తే అది నిజంగా అవసరమా అని కూడా అడగండి. దాన్నే పాసిటేన్ అంటారు. పార్కిన్సన్స్ వణుకుకి ఎసిటైల్‌కోలిన్‌కి అడ్డం పడే ఈ జాతి మందుల్ని పంతొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లో షార్కో అనే నరాల వైద్యుడి కాలం నుంచీ వాడుతున్నారు, వయసులో ఉన్నవాళ్లకి ఇప్పటికీ మంచిదే, కండరాలు వాటంతటవే బిగిసి మెలితిరిగే డిస్టోనియా ఉన్న పిల్లలకి ఎంతో మేలు చేస్తుంది, కానీ మతిమరుపున్న 76 ఏళ్లవారికి వద్దు.

యాంటీబాడీ పరీక్ష అక్కర్లేదు. అది మయస్తీనియా గ్రేవిస్ అనే జబ్బుకి, సాయంత్రానికి రెప్పలు వాలిపోవడం, నమలలేకపోవడం, రెండేసి కనబడటం ఉన్నవాళ్లకి. అక్కడ దెబ్బతినేది కండరం మీద ఉండే నికోటినిక్ రిసెప్టారు, మెదడులోది కాదు. పేరు ఒకటే కాబట్టి నెట్‌లో కలిసిపోయి కనబడతాయి. అన్నట్టు ఆ కండరం రకం రిసెప్టార్ని మొట్టమొదట విడదీసి పట్టుకున్నది మన కట్లపాము జాతిదే ఒక పాము విషంతో, తైవాన్‌లో దొరికేది, అది రిసెప్టార్ని కరుచుకుని వదలదు. కట్లపాము కాటేసినవాళ్లకి రెప్పలు వాలిపోవడానికి ఇలాంటి విషం కూడా ఒక కారణం.

మెదడులోని నికోటినిక్ రిసెప్టార్లది ఇంకో కథ. 1995లో ఒక కుటుంబపు మూర్ఛ జబ్బుకి ఆల్ఫా4 ముక్కలోని జన్యులోపమే కారణమని తేలింది, వేరే జబ్బేమీ లేకుండా వచ్చే మూర్ఛకి ఫలానా జన్యువని ఖచ్చితంగా దొరికినవాటిలో అది మొదటిది. ఆ మూర్ఛ నిద్రలోనే వస్తుంది, లేచి కూర్చుని అరవడం, కాళ్లు తొక్కడం, మళ్లీ పడుకోవడం, ఒక్కో రాత్రి అనేకసార్లు. గాలి సోకిందని తాయెత్తులు కట్టించుకుని వచ్చిన కుర్రాణ్ణి ఒకణ్ణి చూశాను, వాళ్ల నాన్నకీ చిన్నప్పుడు అలాగే ఉండేదట. కార్బమజెపిన్ చిన్న డోసుతో రాత్రిళ్లు ప్రశాంతంగా గడిచాయి. మీకు సంబంధం లేకపోయినా ఇది చదివేవాళ్లలో ఎవరింట్లోనైనా ఉండొచ్చని రాశాను.

నికోటిన్ మెదడుకి మంచిదట, మాస్టారు చుట్ట మానకుండా ఉంటే బావుండేదా అని అడిగారు. లేదండీ. పొగ తాగేవాళ్లకి మతిమరుపు జబ్బు వచ్చే అవకాశం ఎక్కువే, రక్తనాళాలు పాడవుతాయి. పార్కిన్సన్స్‌లో నికోటిన్ పట్టీలు పెట్టి చేసిన పరీక్షలో కూడా జబ్బు నెమ్మదించలేదు. అలాగే కోలిన్ ఎక్కువున్న తిండి పెడితే ఎసిటైల్‌కోలిన్ పెరుగుతుందని లెసితిన్ పొడులు అమ్ముతారు, ఆ పరీక్షల్లోనూ అల్జీమర్స్‌కి ఉపయోగం కనబడలేదు. కొరత ముడిసరుకుది కాదు, తయారుచేసే కణాలది. గుడ్డు పెట్టండి, మంచిదే, మందనుకుని కాదు.

కొత్త మందుల విషయం. మీ తమ్ముడు చెప్పింది జనోమెలిన్, ట్రోస్పియం కలిపిన మందు గురించి అయ్యుంటుంది, 2024 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది, కోబెన్ఫీ పేరుతో. అనుమతి స్కిజోఫ్రీనియాకి, అంటే భ్రమలు, లేనివి వినబడటం ఉండే మానసిక జబ్బుకి, మతిమరుపుకి కాదు. నాకు వ్యక్తిగతంగా ఈ మందు అంటే చాలా ఆసక్తి, ఎందుకంటే జనోమెలిన్ ఎం1, ఎం4 రిసెప్టార్లని నేరుగా తట్టి లేపుతుంది. 1990లలో అల్జీమర్స్‌కే పరీక్షించారు, లేనివి కనబడటం, అనుమానాలు తగ్గాయి, కానీ వాంతులు, చెమటలు, కళ్లు తిరిగి పడిపోవడం తట్టుకోలేక చాలామంది మానేశారు, మందు మూలపడింది. తర్వాత దాన్ని ట్రోస్పియంతో జతకట్టారు. ట్రోస్పియం కూడా మూత్రానికి వాడే అడ్డుకునే మందే, కానీ అది మెదడులోకి దాదాపు వెళ్లదు. దాంతో కడుపులోనూ చర్మంలోనూ ఇబ్బంది తగ్గి, మెదడులో పని మిగిలింది. మాస్టారి విషయంలో ఏ పొరపాటు గురించి ఇంతసేపూ రాశానో, అదే సంగతిని సరైన వైపు తిప్పి మందు తయారుచేశారు. అయినా పంపించుకోకండి. లివరు పరీక్షలు, మూత్రం ఆగిపోయే ప్రమాదం, నాడి వేగం, ఇవన్నీ దగ్గరుండి చూసే మనిషి లేకుండా వాడేది కాదు. ఎం4ని పెంచే మరో మందు 2024 నవంబరులో స్కిజోఫ్రీనియా పరీక్షల్లో దెబ్బతింది, ఆల్ఫా7ని తట్టే మందు ఒకటి అంతకుముందే అల్జీమర్స్ పరీక్షల్లో పేగుల ఇబ్బందులతో ఆగిపోయింది. లెకానెమాబ్, డోనానెమాబ్ అని వినే ఇంజెక్షన్లు వేరే దారి, అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ని తీసేవి, తొలిదశలో ఉన్నవాళ్లకి, మధ్యమధ్య ఎమ్మారై తీస్తూ ఇవ్వాల్సినవి.

శుక్లం ఆపరేషన్ మానుకోవద్దు, చూపు మసకగా ఉంటే లేనివి కనబడటం ఎక్కువవుతుంది. కాకపోతే రాత్రిళ్ల గందరగోళం కాస్త తగ్గాక చేయించండి. మత్తు డాక్టరుగారికి డోనెపెజిల్ వాడుతున్నట్టు ముందే చెప్పండి, పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తే కండరాలు వదులుచేసే కొన్ని మందుల ప్రభావం మారిపోతుంది. కంటిపాప పెద్దది కావడానికి వేసే చుక్కల్లో చాలావరకు కూడా ఎసిటైల్‌కోలిన్‌కి అడ్డం పడే జాతివే. కంట్లోంచి ముక్కులోకి దిగి ఒంట్లోకి వెళ్తాయి, ఎట్రోపిన్, హోమెట్రోపిన్ చుక్కలతో పెద్దవాళ్లు ఒక రాత్రంతా అయోమయంలో పడటం చూశాను. ఏ చుక్కలు వేస్తారో అడిగి, తక్కువసేపు పనిచేసేవి వేయమని చెప్పండి. ఇంట్లో వేసేటప్పుడు ఒక్క చుక్క చాలు, వేశాక కన్ను మూయించి, ముక్కు పక్కన కంటి మూల దగ్గర మీ వేలితో రెండు నిమిషాలు మెత్తగా నొక్కి పట్టుకోండి.